నాస్‌లో ఫొటో బానే ఉంది, బ్రౌజర్‌లో మాత్రం సగం బూడిద రంగు (అపాచీ + సిఫ్స్ మౌంట్)

అమలాపురం_స్టూడియో • సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. నాది ఫొటో స్టూడియో, కంప్యూటర్ చదువు కాదు గాని నాలుగేళ్ళ నుంచి షాపులో చిన్న లైనక్స్ బాక్స్ నేనే పెట్టుకుని నడుపుకుంటున్నాను. ఎప్పుడూ పేచీ పెట్టలేదు. ఇప్పుడు మూడు వారాలుగా నిద్ర పట్టట్లేదండి.

ఏర్పాటు ఇదీ. మేడ మీద నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) ఉంది, ఆల్బమ్‌లన్నీ అందులోనే. కింద కౌంటర్ దగ్గర మినీ పీసీ, దాంట్లో అపాచీ, అంటే బ్రౌజర్ అడిగిన ఫైల్స్ పంపే వెబ్ సర్వర్. నాస్ ఫోల్డర్‌ని సిఫ్స్‌తో (విండోస్ తరహా నెట్‌వర్క్ షేరింగ్) మౌంట్ చేసి, అంటే ఈ పీసీలోదే అన్నట్టు కనిపించేలా తగిలించి, దాన్నే డాక్యుమెంట్ రూట్ (అపాచీ ఫైల్స్ ఇచ్చే ఫోల్డర్) కింద ఇచ్చాను. కస్టమర్ వచ్చి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి షాపు వైఫై మీద ఆల్బమ్ తెరిచి కావాల్సిన ఫొటోలు దించుకుంటాడు. పాత పీసీ కరెంటు పోయి వచ్చిన దెబ్బకి బోర్డు కాలిపోతే కొత్తది కొన్నాను, పాతదాంట్లో ఉబుంటూ ఉండేది, ఇందులో రాకీ లైనక్స్ 9 వేశాను. అప్పట్నించే మొదలైంది.

ఫొటో పైన బావుంటది, ఓ చోట నుంచి కిందకి అంతా బూడిద రంగు. జగ్గన్నతోట తీర్థంలో గంగలకుర్రు ప్రభ (దేవుణ్ణి పెట్టి ఊరేగించే ఎత్తైన వెదురు చట్రం) కౌశిక కాలవ దాటుతుంటే తీసిన ఫొటో ఒకటుందండి, పీకల్లోతు నీళ్ళలో ప్రభని భుజాల మీద మోస్తున్నారు, నేను తీసినవాటిల్లో నాకు బాగా ఇష్టమైంది. దాన్ని ఫోన్‌లో తెరిస్తే ప్రభ పైన కట్టిన గుడ్డలు, నెమలీకలు కనిపిస్తున్నాయి గాని మోసే జనం ఒక్కరూ లేరు, గీత గీసినట్టు అక్కడ్నించి బూడిదే. రిఫ్రెష్ కొడితే ఒకసారి మొత్తం వస్తది, ఇంకోసారి మళ్ళీ సగమే. అదే ఫైల్ విండోస్ పీసీలోంచి నాస్‌కి వెళ్ళి తెరిస్తే శుభ్రంగా ఉంటది. జిప్ చేసి పెట్టిన ఆల్బమ్‌లు అయితే దిగుతాయి గాని తెరుచుకోవు.

మొన్న ఒక పెళ్ళికూతురి నాన్నగారు షాపులో నిలబడి ఫోన్ నా చేతికిచ్చి "ఏవండీ, మా అమ్మాయి మొహం ఉంది, మెళ్ళో తాళి లేదు" అన్నారు. ఆ మాట విన్నాక ఆగలేకపోయానండి. ఎవరైనా దారి చెప్పండి.

తణుకు_టెక్ • సోమవారం రాత్రి 9:40

ముందు కేబుల్ మార్చి చూడండి. మేడ మీదకి లాగిన కేబుల్ ఎండకీ వానకీ పాడై ఉంటుంది. లేదా నాస్ డిస్క్ పోతుందేమో స్మార్ట్ టెస్ట్ పెట్టండి. రాకీ అంటున్నారు కాబట్టి ఎస్ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేసే భద్రతా ఏర్పాటు) కూడా ఒకసారి చూడాలి, సిఫ్స్ మీద అపాచీకి పర్మిషన్ ఇచ్చారా?

అమలాపురం_స్టూడియో • సోమవారం రాత్రి 10:05

ఎస్ఈలైనక్స్‌లో హెచ్‌టీటీపీడీకి (అపాచీ ప్రోగ్రామ్ పేరు) సిఫ్స్ వాడుకునే బూలియన్, అంటే అనుమతి స్విచ్, ఆన్ చేశానండి, అది చేయకముందు ఏ ఫొటో రాలేదు, 403 (అనుమతి లేదనే ఎర్రర్) వచ్చేది. కేబుల్ రెండోది వేసి చూశాను, తేడా లేదు. నాస్‌లో డిస్క్ టెస్ట్ కూడా పెట్టాను, బానే ఉందంది.

రాజోలు_రేవు • సోమవారం రాత్రి 10:31

కేబుల్ పాడైతే ఇలా రాదండి. నెట్‌వర్క్ మీద డేటా మోసే టీసీపీలో చెక్‌సమ్ (చెడిందో లేదో తేల్చే లెక్క) ఉంటుంది, ప్యాకెట్ చెడితే మళ్ళీ పంపమంటుంది, స్లో అవుతుంది, తెగిపోతుంది గాని ఒకే చోట గీత గీసినట్టు బూడిద అవ్వదు. ఎస్ఈలైనక్స్ అయితే మీరన్నట్టు 403 ఇచ్చి ఊరుకుంటుంది, సగం ఇవ్వదు.

ఊహలు పక్కనపెట్టి మూడు చిన్న పనులు చేయండి. ఫోన్, వైఫై, రౌటర్ ఏవీ మధ్యలో లేకుండా ఆ మినీ పీసీ ముందే కూర్చుని చేయండి.

మొదటిది, మౌంట్ ఫోల్డర్‌లోకి వెళ్ళి ఆ ప్రభ ఫొటోకి షా256సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది, ఒక్క బైట్ మారినా మారిపోతుంది) తీయండి. అది విండోస్ పీసీలో తీసిన సమ్‌తో కలవాలి. రెండోది, అదే మెషీన్‌లో లోకల్‌హోస్ట్ అడ్రస్‌తో (ఆ మెషీన్ తనని తానే పిలుచుకునే అడ్రస్) కర్ల్ అనే కమాండ్ పెట్టి ఫొటో దించి దానికి సమ్ తీయండి. ఒకసారి కాదు, లూప్ పెట్టి 50 సార్లు, ఎన్ని రకాల సమ్‌లు వచ్చాయో లెక్కపెట్టండి. మూడోది, చెడిన కాపీ దొరికితే పారేయొద్దు, అసలు ఫైల్‌తో సీఎంపీ (రెండు ఫైల్స్‌ని పోల్చే కమాండ్) కొట్టి ఎన్నో బైట్ దగ్గర తేడా మొదలైందో ఆ నంబర్ ఇక్కడ పెట్టండి. చెడ్డ కాపీయే మనకి సాక్ష్యం.

ఇంకొక ప్రశ్న. షాపు వైఫైలో వాడేది హెచ్‌టీటీపీనా హెచ్‌టీటీపీఎస్సా?

అమలాపురం_స్టూడియో • మంగళవారం ఉదయం 7:20

పొద్దున్నే షాపు తీసి ఇదే పని మీద కూర్చున్నానండి. మౌంట్‌లో తీసిన సమ్, విండోస్‌లో తీసిన సమ్ అక్షరం తేడా లేకుండా కలిశాయి. లోకల్‌హోస్ట్ నుంచి 50 సార్లు దించితే 43 కరెక్ట్, 7 తప్పు. అంటే ఫోన్లూ వైఫై ఏమీ లేకుండానే తప్పు వచ్చింది.

సైజు మాత్రం ఏడింటికీ అసలు ఫొటో ఎంతో అంతే ఉందండి, ఒక్క బైట్ తక్కువ లేదు. సీఎంపీ కొడితే 1048577వ బైట్ దగ్గర మొదటి తేడా అంది. ఫైల్‌లో బైట్లు చూపించే ఎక్స్ఎక్స్‌డీతో ఆ చోటు తెరిచి చూశాను, పై లైన్ దాకా రకరకాల అంకెలు, అక్షరాలు, ఆ తర్వాత లైన్ నుంచి 0000 0000 0000 0000, కిందకి ఎంత జరిపినా సున్నాలే. ఎవరో తుడిచేసినట్టు ఉందండి. చూస్తుంటే భయం వేసింది.

షాపు వైఫైలో హెచ్‌టీటీపీయే. బయటి ఊళ్ళ వాళ్ళకి డొమైన్ ఉంది, అది హెచ్‌టీటీపీఎస్. మీరు అడిగాక గుర్తొచ్చింది, బయటి వాళ్ళు ఒక్కరూ కంప్లైంట్ చేయలేదు!

రాజోలు_రేవు • మంగళవారం ఉదయం 8:02

దొరికిందండి. మీ డిస్క్ భేషుగ్గా ఉంది, ఫొటోలు భద్రంగా ఉన్నాయి, ముందు గుండె దిటవు చేసుకోండి.

1048577 అంటే దాని ముందు 1048576 బైట్లు కరెక్టుగా వచ్చాయన్నమాట. దాన్ని 4096తో భాగించండి, సరిగ్గా 256 వస్తుంది, శేషం లేదు. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) మెమరీని పేజీలనే ముక్కలుగా వాడుకుంటుంది, 4096 అనేది ఒక పేజీ సైజు. తేడా సరిగ్గా పేజీ అంచు దగ్గర మొదలైందంటే ఇది కేబుల్ పని కాదు డిస్క్ పని కాదు, కెర్నల్ పేజీ క్యాష్‌లోంచి (ఫైల్ నకలు మెమరీలో ఉంచుకునే చోటు) వచ్చిన తప్పు.

మీ అపాచీలో సెండ్‌ఫైల్ ఆన్‌లో ఉంది. అపాచీ సెట్టింగులుండే హెచ్‌టీటీపీడీ కాన్ఫ్ ఫైల్ చివరికి వెళ్ళి చూడండి, ఎనేబుల్‌సెండ్‌ఫైల్ ఆన్ అని ఒక లైన్ ఉంటుంది. రెడ్‌హ్యాట్, సెంటోస్, రాకీ, ఫెడోరా కుటుంబం మొత్తానికి ఆ లైన్ ప్యాకేజీతోనే వస్తుంది. అపాచీ సొంత డిఫాల్ట్ 2.3.9 నుంచి ఆఫ్, కాబట్టి 2.4 మొత్తానికి ఆఫే. ఉబుంటూ వాళ్ళు ఆ లైన్ పెట్టరు గనక అక్కడ ఆఫ్‌గానే ఉంటుంది. నాలుగేళ్ళు మీకు ఏ గొడవా రాకపోడానికి కారణం అదే, మీరు కొత్తగా తప్పేం చేయలేదు. ఆ లైన్ పైన కామెంట్ చదవండి, నెట్‌వర్క్ మౌంట్ మీంచి ఫైల్స్ ఇస్తుంటే దీన్ని తప్పనిసరిగా ఆపాలని వాళ్ళే రాశారు.

సెండ్‌ఫైల్ అంటే ఏంటో చెప్తానుండండి. కొబ్బరితోటలో దింపు తీశాక కాయలన్నీ గట్టు మీద రాశిపోసి, ఒక మనిషి చేత్తో లెక్కపెట్టి లారీకి ఎక్కించడం మామూలు పద్ధతి. అపాచీ కూడా మామూలుగా ఫైల్‌ని తన చేతిలోకి చదువుకుని అప్పుడు నెట్‌వర్క్ మీద పోస్తుంది. సెండ్‌ఫైల్‌లో ఆ మధ్యమనిషి ఉండడు, కాలవలో పడవ మీద వచ్చిన కాయలు పడవలోంచి నేరుగా లారీలోకి. అపాచీ కెర్నల్‌తో "ఈ ఫైల్‌ని ఆ నెట్‌వర్క్ సాకెట్‌కి ఇచ్చెయ్" అని ఒక్క మాట చెప్పి తప్పుకుంటుంది. లోకల్ డిస్క్ అయితే ఇది చాలా మంచి పద్ధతి, ఎంచేతంటే పేజీ క్యాష్, డిస్క్ రెండూ ఒకే కెర్నల్ చేతిలో ఉంటాయి. నెట్‌వర్క్ షేర్‌కి అలా కాదు, అసలు సరుకు వేరే పెట్టెలో ఉంది, ఇక్కడున్న క్యాష్ దాని నకలు మాత్రమే. చదివే దారి ఆ నకలు తాజాదా కాదా అని చూసుకుంటుంది గాని సెండ్‌ఫైల్ దారి కొన్ని కెర్నల్, ఫైల్‌సిస్టమ్ జతల్లో ఆ చూసుకోవడం సరిగ్గా చేయదు. ఇంకా నింపని పేజీని అలాగే లారీలోకి తోసేస్తుంది. చీటీ మీద సైజు ముందే రాసేశారు కాబట్టి లెక్క సరిపోతుంది, లోపల కాయల బదులు సున్నాలు. షా256సమ్ చదివే దారిలో వెళ్ళింది కాబట్టి దానికి మంచి ఫైలే కనిపించింది.

డాక్యుమెంట్ రూట్ ఉన్న డైరెక్టరీ బ్లాకులో ఎనేబుల్‌సెండ్‌ఫైల్ ఆఫ్ అని పెట్టి, కాన్ఫిగ్ టెస్ట్ కొట్టి, అపాచీ రీలోడ్ చేసి మళ్ళీ 50 సార్లు దించండి.

రావులపాలెం_సెంటర్ • మంగళవారం ఉదయం 9:15

సెండ్‌ఫైల్ ఆపేస్తే సర్వర్ స్లో అవుద్ది కదా అన్నా. అది పెర్ఫార్మెన్స్ కోసమే పెట్టారు, ఏదైనా కెర్నల్ అప్‌డేట్ చేస్తే సరిపోదా? సీజన్‌లో ఒకేసారి ఇరవై ముప్పై మంది దించుకుంటారు మరి.

కాకినాడ_బీచ్‌రోడ్ • మంగళవారం ఉదయం 10:48

@రావులపాలెం_సెంటర్ మీ భయం లోకల్ ఎస్ఎస్‌డీ మీద పెద్ద ఫైల్స్ పెట్టుకున్న వాళ్ళకి సరైందే. ఇక్కడ నాస్ నుంచి మినీ పీసీకి వచ్చే దారే గిగాబిట్, అంటే మహా అయితే సెకనుకి 125 మెగాబైట్లు, అదీ కాగితం మీద. మెమరీలో ఒకచోట్నించి ఇంకోచోటికి కాపీ చేయడం ఆ వేగానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాలవ సన్నగా ఉన్నప్పుడు బోదె వెడల్పు చేసి లాభం లేదు. పైగా రాజోలు గారు ఒక్క డైరెక్టరీకే ఆపమన్నారు, లోకల్ డిస్క్‌లో ఉన్న సైట్లకి సెండ్‌ఫైల్ అలాగే ఉంచుకోవచ్చు. కెర్నల్ అప్‌డేట్ చేయొద్దని కాదు, చేయండి, కాని అవతలి మనిషి పెళ్ళి ఫొటోలు దాని మీద ఆశ పెట్టుకుని వదిలేయకూడదు.

హెచ్‌టీటీపీఎస్‌లో ఎందుకు రాలేదో కూడా చెప్పాలి, ఇది గుర్తుంచుకుంటే ఎవరికైనా గంటలు మిగుల్తాయి. ఎన్‌క్రిప్ట్ చేయాలంటే అపాచీ బైట్లని తన చేతిలోకి తీసుకోక తప్పదు, కాబట్టి మామూలు ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ ఉన్నప్పుడు సెండ్‌ఫైల్ వాడదు. జీజిప్ కంప్రెషన్ కూడా అంతే. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ కంప్రెస్ అయి వెళ్తాయి గనక అవి బావుంటాయి, జేపీజీ, పీడీఎఫ్, జిప్‌లు కంప్రెస్ అవ్వవు గనక అవి చెడతాయి. "పేజీ బానే వస్తోంది ఫొటోలే పోతున్నాయి" అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది సెండ్‌ఫైలే. మేము ఇది కనిపెట్టలేక ఒకప్పుడు రెండు స్విచ్‌లు మార్పించాం.

తణుకు_టెక్ • మంగళవారం ఉదయం 11:10

కేబుల్ అని తొందరపడి చెప్పాను, క్షమించండి. పేజీ అంచు లెక్క నాకు కొత్త, నోట్ చేసుకున్నాను. ఒక చిన్న మాట, చెక్‌సమ్ పని నెట్‌వర్క్ కార్డుకి అప్పజెప్పే ఆఫ్‌లోడ్‌లో కూడా బగ్గులుంటాయి, ఐపీవీ6 వాడినప్పుడు కొన్ని కార్డులతో సెండ్‌ఫైల్ తేడా చేస్తుందని అపాచీ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. కాకపోతే మీకు లోకల్‌హోస్ట్‌లోనే తప్పు వచ్చింది కాబట్టి అది మీ కేసు కాదు.

అమలాపురం_స్టూడియో • మంగళవారం మధ్యాహ్నం 2:30

అయ్యా రాజోలు గారూ, మీరు చెప్పిన లైన్ చెప్పిన చోటే ఉంది. నా డైరెక్టరీ బ్లాకులో ఆఫ్ పెట్టి 50 కాదు 500 సార్లు దించాను. 500కి 500 ఒకే సమ్! ప్రభ ఫొటో లాప్‌టాప్‌లో తెరిచి అలా చూస్తూ ఉండిపోయానండి, మోసేవాళ్ళు అందరూ ఉన్నారు, ముందు వరసలో పసుపు తువ్వాలు తలకి కట్టుకున్న కుర్రాడితో సహా. జిప్‌లు కూడా తెరుచుకున్నాయి. మీ ఋణం ఉంచుకోనండి, అమలాపురం వస్తే షాపుకి రావాలి.

భీమవరం_చెరువుగట్టు • మంగళవారం రాత్రి 8:55

ఈ చర్చ చదివాక నాది కూడా ఇదేనేమోనని అనుమానం వచ్చి రాస్తున్నాను. మేము రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్లు రోజూ పొద్దున్న ఒక పేజీలో పెడతాం, 30 కౌంట్ ఇంత, 40 కౌంట్ ఇంత, 100 కౌంట్ ఇంత అని. ఆఫీసు విండోస్ పీసీలో వర్చువల్‌బాక్స్ (పీసీ లోపల ఇంకో పీసీ నడిపేది), దాంట్లో డెబియన్ లైనక్స్, ఎన్‌జినెక్స్ వెబ్ సర్వర్. రేట్ల ఫైల్ విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో మారుస్తాం, షేర్డ్ ఫోల్డర్ ద్వారా లోపలికి కనిపిస్తుంది. మాకు అపాచీ కాదు, బూడిద రంగూ లేదు. ఫైల్ మార్చి సేవ్ చేసినా నిన్నటి రేటే కనిపిస్తుంది, ఒక్కోసారి ఫైల్ చివర చెత్త అక్షరాలు, డబ్బాల్లాంటివి వచ్చి స్క్రిప్ట్ ఆగిపోతుంది. రైతు ఆ రేటు చూసుకుని పట్టుబడికి మనుషుల్ని మాట్లాడేసుకుంటాడండి, తీరా లారీ వచ్చాక రేటు వేరంటే ఎంత నష్టం. బ్రౌజర్ క్యాష్ అనుకుని అందర్నీ హిస్టరీ తీసేయమని చెప్తూ వచ్చాం ఇన్నాళ్ళూ.

రాజోలు_రేవు • మంగళవారం రాత్రి 9:20

మీదీ ఇదే జాతి జబ్బండి. వర్చువల్‌బాక్స్ షేర్డ్ ఫోల్డర్‌కీ సెండ్‌ఫైల్‌కీ పడదన్నది పాత సంగతే, ఇలాంటి లోపలి పీసీలు తయారుచేసే వేగ్రంట్ అనే టూల్ డాక్యుమెంటేషన్‌లో కూడా ఫైల్స్ చెడిపోవచ్చు, అప్‌డేట్ అవ్వకపోవచ్చు, సెండ్‌ఫైల్ ఆపుకోండి అని హెచ్చరిక ఉంది. ఎన్‌జినెక్స్ అసలు డిఫాల్ట్ ఆఫే, కాని ప్యాకేజీతో వచ్చే కాన్ఫ్‌లో ఆన్ చేసి ఇస్తారు. హెచ్‌టీటీపీ బ్లాకులోగాని మీ సర్వర్ బ్లాకులోగాని సెండ్‌ఫైల్ ఆఫ్ పెట్టండి.

చివర డబ్బాలు ఎందుకంటే, కొత్త ఫైల్ నిన్నటికన్నా పెద్దదైంది, కొత్త సైజు సర్వర్‌కి తెలిసింది, లోపలి సరుకు మాత్రం పాత పేజీయే, మిగిలిన జాగాలో సున్నా బైట్లు. ఆ సున్నాలే మీకు డబ్బాల్లా కనిపించాయి. కొత్తది చిన్నదైతే పాతది మధ్యలో తెగినట్టు వస్తుంది.

ఇంకొకటి చూడండి. కాన్ఫ్‌లో ఓపెన్ ఫైల్ క్యాష్ అని లైనుందా? ఉంటే అది ఫైల్ సైజు, మార్చిన టైము దాచిపెట్టుకుంటుంది. రోజూ మారే రేట్ల ఫోల్డర్‌కి దాన్ని తీసేయండి.

భీమవరం_చెరువుగట్టు • బుధవారం ఉదయం 6:10

రాత్రే మార్చాను. పొద్దున్న ఐదున్నరకి రేట్లు పెట్టి నా ఫోన్‌లో చూశాను, సేవ్ కొట్టిన వెంటనే కొత్త రేటు. అరడజను సార్లు పెంచి తగ్గించి చూశాను, చెత్త అక్షరం ఒక్కటి లేదు. ఓపెన్ ఫైల్ క్యాష్ మా దాంట్లో లేదండి. ఇన్నాళ్ళూ రైతుల ఫోన్ల మీద నెపం వేశాం, అది బాధగా ఉంది. ఇవాళే గ్రూపులో ఫోన్లది తప్పు కాదని చెప్పి మెసేజ్ పెడతాను.

పాలకొల్లు_ల్యాబ్ • బుధవారం ఉదయం 11:35

నమస్తే అండి, నేను కాలేజీ ల్యాబ్ చూసుకుంటాను. మాది విండోస్‌లో అపాచీ. పీడీఎఫ్ నోట్సులన్నీ వేరే సర్వర్‌లో ఉన్నాయి, దాన్ని జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసి డాక్యుమెంట్ రూట్ జెడ్ అని ఇచ్చాను. చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తోంది, సర్వీస్‌గా పెడితే అసలు స్టార్టే అవ్వట్లేదు, డాక్యుమెంట్ రూట్ లేదంటోంది. చేత్తో నడిపినప్పుడు కూడా పిల్లలకి కొన్ని పీడీఎఫ్‌లు సగమే తెరుచుకుంటున్నాయి. రెండూ ఒకటేనా?

కాకినాడ_బీచ్‌రోడ్ • బుధవారం మధ్యాహ్నం 12:20

రెండూ వేరువేరమ్మా. జెడ్ డ్రైవ్ మీరు లాగిన్ అయినప్పుడు మీ అకౌంట్‌కి వచ్చిన మ్యాపింగ్, సర్వీస్ నడిచేది లోకల్‌సిస్టమ్ అకౌంట్ కింద, దానికి మీ జెడ్ కనపడదు. డ్రైవ్ అక్షరం బదులు షేర్ పూర్తి దారి ఇవ్వండి, అపాచీలో ముందుకి వాలిన గీతలతో, రెండు గీతలు, సర్వర్ పేరు, గీత, షేర్ పేరు. సర్వీస్‌కి వేరే అకౌంట్ పెట్టి, షేర్ చదివే హక్కు ఆ అకౌంట్‌కి ఇవ్వండి, చదివే హక్కు చాలు, రాసే హక్కు వద్దు.

సగం పీడీఎఫ్‌ల సంగతికి ఎనేబుల్‌సెండ్‌ఫైల్ ఆఫ్, ఎనేబుల్‌ఎమ్‌మ్యాప్ (ఫైల్‌ని మెమరీకి అతికించుకుని చదివే దారి) ఆఫ్ రెండూ పెట్టండి. అప్పటికీ తేడా వస్తే యాక్సెప్ట్‌ఫిల్టర్ (వచ్చే కనెక్షన్లని అందుకునే పద్ధతి) హెచ్‌టీటీపీకీ హెచ్‌టీటీపీఎస్‌కీ నన్ అని ఇచ్చి చూడండి, విండోస్‌లో ఫైర్‌వాల్, యాంటీవైరస్ లాంటివి మధ్యలో తగులుకున్నప్పుడు అది పనికొస్తుంది. ఒక్కొక్కటే మార్చి చూడండి తల్లీ, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

పాలకొల్లు_ల్యాబ్ • బుధవారం సాయంత్రం 5:02

సర్వీస్ లేచిందండి! పీడీఎఫ్‌లకి మొదటి రెండు లైన్లతోనే సరిపోయింది, యాక్సెప్ట్‌ఫిల్టర్ దాకా వెళ్ళలేదు. ఫైల్ మొత్తం దిగిందో లేదో తెలుసుకోడానికి చివర ఈఓఎఫ్ (ఫైల్ ముగిసిందనే) గుర్తు ఉందా అని చూశాను, అన్నిట్లో ఉంది. చాలా థాంక్సండి.

అమలాపురం_స్టూడియో • గురువారం రాత్రి 10:15

మళ్ళీ నేనేనండి. బూడిద రంగు పూర్తిగా పోయింది, అందులో అనుమానం లేదు. కాని ఇవాళ సాయంత్రం ఒకాయన దించుకుంటుంటే మధ్యలో తెగిపోయింది, ఫెయిల్డ్ అని వచ్చింది. లాగ్ చూస్తే చైల్డ్ పిడ్ ఫలానా, ఎగ్జిట్ సిగ్నల్ బస్ ఎర్రర్ 7 అని ఉంది. ఇవాళ మూడుసార్లు వచ్చింది. ఇదివరకు లాగ్‌లో ఎప్పుడూ లేదు. సెండ్‌ఫైల్ ఆపడం వల్ల వచ్చిందా?

కాకినాడ_బీచ్‌రోడ్ • గురువారం రాత్రి 10:50

ఒక రకంగా అవునండి. సెండ్‌ఫైల్ ఆపేశాక అపాచీ రెండో దారి పట్టింది, అదే ఎమ్‌మ్యాప్. ఫైల్‌ని మెమరీలోకి అద్దంలా అతికించుకుని అందులోంచి చదువుతుంది. అది డిఫాల్ట్‌గా ఆన్. అలా అతికించుకుని ఉండగా అవతల ఎవరైనా ఆ ఫైల్‌ని చెరిపినా, పొట్టిగా చేసినా, లేని చోట కాలు పెట్టినట్టు అవుతుంది. కెర్నల్ బస్ ఎర్రర్ ఇచ్చి ఆ ప్రాసెస్‌ని చంపేస్తుంది, దాంతో పాటు దించుకుంటున్నవాళ్ళ కనెక్షనూ పోతుంది. పాలకొల్లు అమ్మాయికి రెండూ ఆపమన్నది అందుకే, మీకు కూడా అప్పుడే చెప్పాల్సింది. డైరెక్టరీ బ్లాకులో ఎనేబుల్‌ఎమ్‌మ్యాప్ ఆఫ్ కూడా పెట్టండి.

కాని అంతటితో అయిపోలేదు. మీ షాపులో ఎవరో సర్వర్ ఇస్తున్న ఫైల్ మీదే తిరగరాస్తున్నారు. ఎవరు?

అమలాపురం_స్టూడియో • శుక్రవారం ఉదయం 7:45

నిజమేనండి. మా ఎడిటింగ్ కుర్రాడు కలర్ సరిచేసి లైట్‌రూమ్ నుంచి అదే పేరుతో నేరుగా నాస్ ఫోల్డర్‌లోకే ఎక్స్‌పోర్ట్ కొడతాడు. కస్టమర్ కింద కూర్చుని చూస్తుండగా పైన వాడు మారుస్తూ ఉంటాడు. నిన్న మూడుసార్లూ అదే టైముకి చేశాడు, వాణ్ణి అడిగి లాగ్‌లో టైముతో సరిచూశాను, కలిసింది.

కాకినాడ_బీచ్‌రోడ్ • శుక్రవారం ఉదయం 8:30

వాడి తప్పు లేదండి, ఆ పద్ధతి మార్చాలి అంతే. ఎమ్‌మ్యాప్ ఆపితే ప్రాసెస్ చావదు గాని, కంటెంట్ లెంగ్త్ (ఎన్ని బైట్లు వస్తాయో చెప్పే లెక్క) ముందు పంపేశాక ఫైల్ మధ్యలో మారిపోతే బ్రౌజర్ లెక్క తప్పిందని తెంపేస్తుంది, లేదంటే సగం పాత ఫొటో, సగం కొత్త ఫొటో కలిసి వెళ్తాయి. ఏ సెట్టింగూ దాన్ని కాపాడలేదు.

అదే షేర్‌లో, డాక్యుమెంట్ రూట్‌కి బయట "తయారీ" అని ఒక ఫోల్డర్ పెట్టండి. ఎక్స్‌పోర్ట్ అందులోకి కొట్టాలి. పూర్తయ్యాక అక్కడ్నించి ఆల్బమ్‌లోకి మూవ్ చేయాలి. అదే షేర్ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, ఒకే షేర్‌లో మూవ్ అంటే పేరు మార్పే, ఒక్క క్షణంలో పాతదాని చోట కొత్తది ఉంటుంది, సగం రాసిన ఫైల్ ఎవరికీ కనపడదు. వేరే డ్రైవ్ నుంచి మూవ్ అంటే అది కాపీయే, మళ్ళీ మొదటికొస్తుంది. ఆ క్షణంలో ఎవరైనా పాత ఫైల్ తెరిచి ఉంటే నాస్ మూవ్‌ని ఒప్పుకోకపోవచ్చు, కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించేలా స్క్రిప్ట్ రాసుకోండి.

తణుకు_టెక్ • శుక్రవారం మధ్యాహ్నం 1:15

ఆ స్క్రిప్ట్ నేను రాసిస్తానండి. ఫైల్ సైజు పది సెకన్లు మారకుండా ఉంటే, జేపీజీ చివరి రెండు బైట్లు ఎఫ్ఎఫ్, డీ9 ఉన్నాయో లేదో చూసి, ఉంటేనే ఆల్బమ్‌లోకి మూవ్ చేస్తుంది. మూవ్ కుదరకపోతే ఐదు సెకన్లాగి మళ్ళీ. సాయంత్రానికి మెసేజ్‌లో పంపిస్తాను.

అమలాపురం_స్టూడియో • ఆదివారం రాత్రి 9:30

తణుకు గారి స్క్రిప్ట్ శుక్రవారం రాత్రి నుంచి నడుస్తోంది, రెండు రోజులుగా బస్ ఎర్రర్ ఒక్కటి లేదు, నిన్న ఒక్కరోజే మూడు పెళ్ళిళ్ళ వాళ్ళు వచ్చి దించుకెళ్ళారు. కాని ఆ పెళ్ళికూతురి నాన్నగారిని పిలిచి చూపిద్దామంటే ఆయన ఫోన్‌లో ఇంకా సగమే వస్తోందండి. నా ఫోన్‌లో అదే ఫొటో పూర్తిగా ఉంది. ఆయన ముందు తల ఎత్తుకోలేకపోయాను. సర్వర్ లాగ్‌లో ఆయన అడిగిన ప్రతిసారీ 304 అని ఉంది.

రాజోలు_రేవు • ఆదివారం రాత్రి 9:52

304 అంటే "నీ దగ్గరున్నదే తాజాది, వాడుకో" అని సర్వర్ చెప్పడం. అపాచీ 2.4లో ఈట్యాగ్‌ని (ఫైల్ మారిందో లేదో గుర్తుపట్టే చీటీ) ఫైల్ మార్చిన టైము, సైజు ఈ రెంటితోనే కడుతుంది. చెడిన కాపీ వెళ్ళినప్పుడూ మంచి ఫైల్ టైము, మంచి ఫైల్ సైజే వెళ్ళాయి, లోపల బైట్లే చెడ్డవి. కాబట్టి ఆయన ఫోన్ చెడ్డ కాపీ పట్టుకుని "ఇదేనా?" అని అడుగుతుంటే సర్వర్ "అదే" అంటోంది. ఈ మూడు వారాల్లో చెడ్డవి దించుకున్న ఫోన్లన్నిట్లో ఇదే ఉంటుంది.

నాస్‌లో ఆ మూడు వారాల్లో కస్టమర్లు చూసిన ఆల్బమ్‌ల మీద టచ్ కమాండ్ కొట్టండి, మార్చిన టైము ఇవాళ్టిదవుతుంది, ఈట్యాగ్ మారుతుంది, ఫోన్లు అడిగిన వెంటనే 200తో ("ఇదిగో పూర్తి ఫైల్" అనే జవాబు) కొత్త కాపీ వెళ్తుంది. మీ గ్యాలరీ వరస ఫొటో తీసిన టైమును బట్టి ఉంటే దానికేం కాదు, ఆ టైము దాచే ఎగ్జిఫ్ ఫొటో లోపలే ఉంటుంది. ఫైల్ టైము బట్టి ఉంటే మాత్రం వరస తారుమారవుతుంది, అప్పుడు టచ్ వద్దు, ఫోల్డర్ పేరు మార్చి కొత్త క్యూఆర్ ఇవ్వండి.

అమలాపురం_స్టూడియో • సోమవారం ఉదయం 10:40

ఎగ్జిఫ్ బట్టే ఉందండి, అందుకని టచ్ కొట్టేశాను. ఆయన్ని మళ్ళీ పిలవడం బావుండదని నేనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఫోన్‌లోనే తెరిచాం, లాగ్‌లో 200 పడింది. ముందు మొహం వచ్చింది, తర్వాత మెడ, తాళి, చేతులు, కింద తలంబ్రాల పళ్ళెం దాకా అంతా వచ్చింది. ఆయన ఏం మాట్లాడలేదు, వాళ్ళావిడని పిలిచి చూపించారు. చెడ్డ కాపీలు దించుకున్న మిగతా వాళ్ళ ఫోన్ నంబర్లు బిల్లు పుస్తకంలో ఉన్నాయి, ఇవాళ్టి నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్ళీ దించుకోమని చెప్తున్నాను.